షార్జా నుంచి దుబాయి ఎంత దూరం

కోదాడ, సూర్యాపేట ట్రావెల్స్ ఆఫీసుల్లో ఒక కథ చెబుతుంటారు. కోదాడ పక్కనున్న చిలుకూరు నర్సు ఒకామె ఐర్లాండులో ఉద్యోగం వచ్చి బయలుదేరిందట. కావలసిన కాగితం ఇంట్లో మరిచిపోయి, గన్నవరం ఎయిర్‌పోర్టు నుంచి నాలుగు బండ్ల చుట్టాలతో సహా వెనక్కి వచ్చిందట. కొత్తగా టికెట్ కొనేవాళ్లను హెచ్చరించడానికి ఈ కథ బాగా పనికొస్తుంది. ఆమె వెనక్కి రావడం నిజమే. కాగితం మరిచిపోయిందన్నది అబద్ధం. ఆ మాట మొదట అన్నది నేను. ఆ రోజు చెప్పవలసింది చెప్పలేదు, తర్వాత కూడా చాలాకాలం చెప్పలేదు.

కరోనా ఆంక్షలు తొలగి విమానాలు మళ్లీ మామూలుగా తిరగడం మొదలైన రోజుల్లో నన్ను సూర్యాపేట హెడ్ ఆఫీసు నుంచి కోదాడ బ్రాంచికి టికెటింగ్ ఇన్‌ఛార్జిగా పంపారు. అంతకుముందు కొన్నేళ్లు మిర్యాలగూడ బ్రాంచిలో చేశాను. ఇన్‌ఛార్జి అంటే పెద్ద హోదా ఏమీ కాదు. టికెట్ ఇష్యూ చేసే లాగిన్ నా పేరు మీద ఉండేది, అంతే. కౌంటర్లో కూర్చునే ఇద్దరు అమ్మాయిలు రేటు చూసి, సీటు పట్టి, పేరు పాస్‌పోర్టులో ఉన్నట్టే పడిందో లేదో సరిచూసి నాకు పంపేవారు. చివరి బటన్ నేను నొక్కాలి. నొక్కేముందు ప్రయాణం మొత్తం ఒకసారి చదవాలి. ప్రయాణికుడు ఎక్కడ ఎక్కుతాడు, ఎక్కడ విమానం మారతాడు, ఆ మారేచోట వాళ్లు వీసా అడుగుతారా లేదా. బటన్ నొక్కాక తప్పు బయటపడితే అది లాగిన్ ఉన్నవాడి తప్పే.

ఈ పనిలో మనిషిని అన్నిటికంటే విసిగించే ప్రశ్న ఒకటుంది. "ఎన్ని గంటలు పడతది?" అడిగేవాళ్లు తెలియక అడిగితే బాధ లేదు. ఫోన్‌లో చూసుకునే వస్తారు. ఫోన్ రెండు నగరాల మధ్య ఒక గీత గీసి, కిలోమీటర్లు లెక్కపెట్టి, దాన్ని విమానం వేగంతో భాగించి గంటలు చూపిస్తుంది. హైదరాబాద్ నుంచి డబ్లిన్‌కు ఎనిమిది వేల కిలోమీటర్ల పైచిలుకు, పది పదకొండు గంటలు అంటుంది. ఆ గీత మీద నేరుగా ఎగిరే విమానం ఒక్కటి కూడా లేదని మాత్రం చెప్పదు. అది చెప్పే పని మాది. చెబితే మేమే దాచిపెట్టినట్టు చూస్తారు.

మిర్యాలగూడలో ఒక రైస్‌మిల్లు ఆసామి బియ్యం బేరం కోసం మనీలా వెళ్లడానికి వచ్చి, నేను రాసిచ్చిన గంటలు చూసి కాగితం బల్ల మీద పెట్టాడు.

"గింత దూరానికి గిన్ని గంటలు ఎట్ల రాస్తివి? మా లారీ డ్రైవర్ గూడ గిట్ల తియ్యడు."

"నడుమ సింగపూర్‌ల ఆరు గంటలు ఆగాలె సేటూ."

"ఎందుకు, చాయ్ తాగనీకా? ఆరు గంటలు తాగే చాయ్ ఏం చాయ్ అయ్యా అది. నువ్వు ఆపకుంట పోయేది సూడు."

నేను ఆపడం లేదని, ఆపేది ఎయిర్‌లైన్ అని చెప్పడానికి అరగంట పట్టింది. విమానం గాలిలో ఉండే సమయం వేరు. టికెట్ మీద ఉండేది బ్లాక్ టైమ్, అంటే ఒక గేటు వదిలిన దగ్గర్నుంచి ఇంకో గేటు దగ్గర ఆగేదాకా పట్టే సమయం. మధ్యలో మారే ఊళ్లో కూర్చునేది ఈ రెంటిలోనూ లేదు. పైగా టికెట్ మీద గడియారం ఏ ఊరిది ఆ ఊరిదే. ఇదంతా కొన్నేళ్లపాటు ఓపిగ్గా చెప్పాను. తర్వాత ఓపిక పోయింది. ఏదో ఒక అంకె చెప్పి పంపడం అలవాటైంది. ఈ అలవాటు గురించి ముందే రాస్తున్నాను, ఎందుకంటే తర్వాత జరిగింది అందులోంచే వచ్చింది.

నేను కోదాడకు వచ్చిన కొత్తలోనే గన్నవరం నుంచి షార్జాకు వారానికి రెండు రోజులు విమానం మొదలైంది. కోదాడవాళ్లకు అది పండుగే. శంషాబాద్ పోవాలంటే హయత్‌నగర్ ట్రాఫిక్ దాటుకుని నాలుగు గంటలు. గన్నవరం రెండు గంటల్లో వస్తుంది. రాష్ట్రం వేరైనా కోదాడలో దాన్నే మన ఎయిర్‌పోర్టు అంటారు. ఇంకో సంగతి కూడా ఉంది. ఈ వైపు నుంచి విదేశం పోయే మనిషి ఒంటరిగా పోడు. ఇంటిల్లిపాదీ, వాడకట్టు, చర్చివాళ్లయితే పాస్టరుతో సహా బండ్లు కట్టుకుని సాగనంపడానికి వస్తారు. అద్దాల అవతల ట్రాలీ కనబడకుండా పోయేదాకా నిలబడతారు. దగ్గరి ఎయిర్‌పోర్టు అయితే అందరూ రాగలరు. ఆ రోజుల్లో గన్నవరం అడగని గిరాకీ లేదు.

చిలుకూరు నుంచి ఏసోబు మేస్త్రి తన కూతురు సునీతను తీసుకుని వచ్చినప్పుడు కూడా మొదటి మాట అదే. ఏసోబు తాపీ మేస్త్రి. కోదాడలో సగం కాలేజీల గోడలు తాను కట్టినవేనని చెప్పుకునేవాడు. సునీత కోదాడలోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో ఐసీయూ నర్సు. పరీక్షలు పాసై, పర్మిటు, వీసా తెచ్చుకుని, డబ్లిన్‌లో ఒక ఆసుపత్రిలో చేరబోతోంది. ఒక సోమవారం పొద్దున రిపోర్టు చేయాలి. ఆ రోజు కొత్త నర్సులందరికీ కలిపి శిక్షణ మొదలవుతుంది. రానివాళ్ల చోటు వరుసలో తర్వాత ఉన్నవాళ్లకు పోతుందని, మళ్లీ పిలుస్తారన్న హామీ లేదని ఆమె దగ్గరున్న ఉత్తరంలో ఉంది. నాకు చూపించింది కూడా.

"గన్నవరం నుంచే పెట్టు సారూ," అన్నాడు ఏసోబు. "శంషాబాద్ అయితె మా చర్చిల సగం మంది రారు. మబ్బుల, కోడి కూయకముందె లేసి పోవాలంటరు. గన్నవరమైతె మాపటికి ఇల్లు జేరొచ్చు."

సునీతకు శంషాబాదే మంచిదనిపించింది. అక్కడి నుంచి దుబాయి మీదుగా డబ్లిన్‌కు ఒకే టికెట్ వస్తుంది కదా అని అడిగింది. నిజానికి సరైన దారి అదే. కానీ తండ్రి ముచ్చట తీర్చే ఉపాయం నాకు తట్టింది. గన్నవరం నుంచి షార్జాకు ఒక టికెట్. దుబాయి నుంచి డబ్లిన్‌కు ఇంకో టికెట్. శనివారం సాయంత్రం బయలుదేరితే ఆదివారానికి చేరుతుంది. రేటు కూడా తగ్గింది. నా తెలివికి నేనే మెచ్చుకున్నాను.

"షార్జాల దిగి దుబాయి పోవుడు ఎట్ల సార్? ఎంత దూరం?"

వెనక ఆరుగురు నిలబడి ఉన్నారు. మళ్లీ అదే ప్రశ్న, ఎంత దూరం.

"సూర్యాపేట నుంచి కోదాడ అంత గూడ లేదమ్మా. ముప్పై కిలోమీటర్లు. టాక్సీ ఎక్కితె అరగంట."

"బయటికి పోనిస్తరా?"

"ఎందుకు పోనియ్యరు?" అన్నాను. బటన్ నొక్కాను.

ఈ వృత్తి తెలియనివాళ్ల కోసం ఇక్కడ ఒక మాట చెప్పాలి. ఒక ఎయిర్‌పోర్టులో దిగి, బయటికి రాకుండా లోపల్లోపలే ఇంకో విమానం ఎక్కితే సాధారణంగా ఆ దేశం వీసా అడగరు. కానీ ఒక ఎయిర్‌పోర్టులో దిగి ఇంకో ఎయిర్‌పోర్టులో ఎక్కాలంటే, మధ్యలో ఆ దేశం గడప దాటినట్టే లెక్క. దానికి వీసా కావాలి. ఇది మొదటి నెలలోనే నేర్చుకునే పాఠం. కౌంటర్లో అమ్మాయిలకు నేర్పింది నేనే. ఆ రోజు మాత్రం షార్జా, దుబాయి నాకు హైదరాబాద్‌లో ఇమ్లీబన్‌లో దిగి జూబ్లీ బస్టాండులో ఎక్కినంత మామూలుగా కనిపించాయి. కరోనా సమయంలో రాష్ట్ర సరిహద్దున ఉన్న రామాపురం క్రాస్‌రోడ్డు చెక్‌పోస్టులో పాసు లేదని నన్నే వెనక్కి పంపారు. అవతల జగ్గయ్యపేట కంటికి కనబడుతున్నంత దగ్గర. అది కూడా గుర్తు రాలేదు.

శనివారం మధ్యాహ్నం సునీత ఫోన్ చేసింది. వెనక చాలామంది గొంతులు వినిపిస్తున్నాయి. అప్పటికే పార్కింగులో పాస్టరు ప్రార్థన చేసి, అందరూ ఆమె తల మీద చేతులు పెట్టి, ఫొటోలు దిగారని తర్వాత తెలిసింది.

"సార్, షార్జాల దిగనీకి వీసా ఏదంటున్నరు. లేకుంటె ఎక్కనియ్యమంటున్నరు."

ఆ ఒక్క మాటతో నాకు మొత్తం అర్థమైంది. అయినా ఎయిర్‌లైన్ మనిషికి ఫోన్ ఇమ్మన్నాను. ఆయన మర్యాదగా, నేను కౌంటర్లో అమ్మాయిలకు చెప్పే నియమాన్నే నాకు చెప్పాడు. తర్వాత ఏసోబుకు ఇమ్మన్నాను.

ఎందుకు ఆయనకు ఇమ్మన్నానో నాకు బాగా తెలుసు. సునీతతో ఆ మాట అనలేను. ఆయనతో అనగలను.

"మేస్త్రీ, ట్రాన్సిట్ వీసా కాయితం తెచ్చుకోవాలని అమ్మాయికి చెప్పిన. మరిచినట్టున్నది," అన్నాను.

ఆయన ఫోన్ చెవి దగ్గర్నుంచి తీశాడు గానీ కట్ చేయలేదు. నాకు అన్నీ వినబడ్డాయి.

"సారు చెప్పిండట గదనే."

"చెప్పలే నాయినా. నేను అడిగిన గూడ."

"సారుకు అబద్ధమాడే పనేంది?"

దానికి ఆమె ఏం అన్నదో వినబడలేదు. ఎవరో స్త్రీ, ఇంత చదివి గింత సోయి లేకపాయె అన్నది. నేనే ఫోన్ పెట్టేశాను.

ఇక్కడితో ఆగి ఉంటే తప్పు ఇంత పెరిగేది కాదు. కంప్యూటర్‌లో చూశాను. ఆదివారం తెల్లవారుజామున శంషాబాద్ నుంచి దుబాయి మీదుగా డబ్లిన్‌కు ఒకే టికెట్ మీద సీటు ఉంది. గన్నవరం నుంచి అదే బండిలో నేరుగా శంషాబాద్ పోతే ఆమెకు ఆ విమానం అందుతుంది. సోమవారానికి ఒక రాత్రి ముందే చేరుతుంది. సూర్యాపేటలో ఉన్న మా ఓనర్‌కు ఫోన్ చేసి, తప్పు మనదే, ఈ టికెట్ మనమే ఇవ్వాలన్నాను.

ఆయన ముందు రేటు కనుక్కున్నాడు. తర్వాత, "ఆమెకు ఏం జెప్పినవ్?" అని అడిగాడు. చెప్పింది చెప్పాను.

"ఇగ గట్లనే ఉండనియ్. మనది తప్పు అని ఒక్కపారి అంటే రేపు కోదాడల బోర్డు పీకాలె. నీ లాగిన్ గూడ పోతది, సూస్కో."

సూస్కున్నాను. గంట తర్వాత ఏసోబు మళ్లీ ఫోన్ చేశాడు. దారిలో ఎక్కడో బండ్లు ఆపుకుని ఉన్నారు. వేరే టికెట్ ఉందా సారూ అని అడిగాడు. ఉందన్నాను. రేటు చెప్పాను. పాత టికెట్ల డబ్బు తిరిగి రాదని కూడా చెప్పాను. సరే సారూ, మీకు గూడ తిప్పలయింది అని పెట్టేశాడు. ఆ సీటు సాయంత్రం దాకా అలాగే కనిపించింది. తర్వాత ఎవరో తీసుకున్నారు.

డబ్లిన్ వాళ్లు సునీతకు మర్యాదగానే ఉత్తరం రాశారు. చోటు వేరేవాళ్లకు ఇచ్చామని. కోదాడ ఆసుపత్రిలో అప్పటికే వీడ్కోలు చేసి పంపారు, కేకు కూడా కోశారు. మళ్లీ అక్కడికే పోయి నిలబడటం ఇష్టంలేక ఆమె మిర్యాలగూడలో ఒక ఆసుపత్రిలో చేరింది. చిలుకూరులో కొందరు కాగితం మరిచిందన్నారు. కొందరు విమానం చూసి భయపడి, కాగితం వంక పెట్టిందన్నారు. ఏసోబు పని దగ్గర ఎవరైనా ఎత్తితే, ఏం జేద్దాం, చదువిప్పిచ్చిన గని సోయి ఇప్పియ్యలేకపోతి అనేవాడట. తండ్రీ కూతుళ్లు ఒకే ఇంట్లో ఉన్న రోజుల్లో కూడా సరిగ్గా మాట్లాడుకునేవాళ్లు కాదని మా కౌంటర్ అమ్మాయిల్లో ఒకామె చెప్పింది. ఆమెది పక్కూరు. ఆమె చెబుతుంటే నేను స్క్రీన్ వైపు చూస్తూ కూర్చున్నాను.

తర్వాత రెండేళ్లకు ఆఫీసు మూతపడింది. టికెట్లు ఫోన్‌లో కొనుక్కుంటున్నప్పుడు మాతో పనేముంది. నడుం నొప్పి కూడా ఉండడంతో యాభై మూడేళ్లకే ఈ పని చాలించి సూర్యాపేటలో ఇంటి పట్టున ఉంటున్నాను. ఇప్పటికీ ఎవరో ఒకరు ఫోన్ చేసి ఎన్ని గంటలు పడతది అని అడుగుతూనే ఉన్నారు.

మొన్న కోదాడలో పాత పరిచయస్తుడి ట్రావెల్స్‌కు పోయాను. అక్కడ దంపతులిద్దరు సిడ్నీ టికెట్ గురించి మాట్లాడుతున్నారు. అతను వాళ్లకు చిలుకూరు నర్సు కథ చెప్పడం మొదలుపెట్టాడు. కథలో బండ్లు ఎనిమిది అయ్యాయి. బ్యాండు కూడా వచ్చింది. చివర్లో నా వైపు చెయ్యి చూపించి, "గీ సారే అప్పుడు ఇన్‌ఛార్జి. ముందుగాలనే చెప్పిండు, ఆమె ఇనలే," అన్నాడు. ఆ దంపతులు నన్ను గౌరవంగా చూశారు. కుర్చీ ఇచ్చారు. నేను కూర్చుని చాయ్ తాగి వచ్చాను. బస్సులో సూర్యాపేట దాకా ఆ చాయ్ గురించే చిరాకు. మనిషి ఎన్నిసార్లు నోరు మూసుకోగలడు.

తర్వాతి వారం మిర్యాలగూడ పోయాను. సునీత డ్యూటీలో ఉంది. నన్ను గుర్తుపట్టింది. వార్డు బయట బెంచీ మీద కూర్చోబెట్టి, ఒక పేషెంటుకు సెలైన్ మార్చి వచ్చి నిలబడింది. నేను అనుకున్నదంతా చెప్పాను. విసుగ్గా విన్నది.

"నాకెందుకు చెప్తున్నరు సార్? నాకు తెల్వదా ఇది?"

నిజమే. ఆమెకు నేను కొత్తగా చెప్పింది ఆ శంషాబాద్ టికెట్ మేమే ఊరికే ఇవ్వాల్సిందన్న సంగతి ఒక్కటే. అది విన్నప్పుడు మాత్రం ఒక నిమిషం గోడవైపు చూసింది.

"చెప్పేదుంటె మా నాయినకు చెప్పున్రి. ఆయనకే గద చెప్పింది."

ఇప్పుడే ఫోన్ చేస్తానన్నాను.

"ఫోన్‌ల చెప్పబట్టే గద సార్ ఇంత అయింది. ఇంటికి వచ్చి చెప్పున్రి. ఆదివారం చర్చి అయినంక మంది ఉంటరు. నేను గూడ ఉంట."

పోయేముందు, మళ్లీ ప్రయత్నం చేస్తున్నావా అని అడిగాను. చేస్తున్నానన్నది. టికెట్ మాత్రం నేనే చూసుకుంట సార్, మీరు పరేషాన్ గాకున్రి అని లోపలికి పోయింది.

ఇంతకాలం చేసిన పని నాకు నేర్పింది ఏమిటంటే, రెండు ఊళ్ల మధ్య ఎంత దూరం అని అడిగినవాళ్లకు కిలోమీటర్లు చెబితే జవాబు కాదు. మధ్యలో ఎవరు ఆపుతారో, ఏం అడుగుతారో చెప్పాలి. తెలియకపోతే తెలియదనాలి. పొరపాటు చేస్తే ఆ గంటలోనే ఒప్పుకోవాలి. తర్వాత ఒప్పుకుంటే మనకు తేలికపడుతుంది, కానీ సీటు ఉండేది ఆ గంటలోనే.

ఆదివారం కోదాడలో హుజూర్‌నగర్ బస్సెక్కి చిలుకూరులో దిగాను. ఏసోబు ఇంటి ముందు కుర్చీలు వేసుకుని పాస్టరు, మరో పదిమంది దాకా ఉన్నారు. ఆ రోజు బండ్లలో వచ్చినవాళ్లే చాలామంది. నన్ను చూసి ఏసోబు లేచి తన కుర్చీ ఇచ్చాడు. నేను నోరు తెరిచేలోపే, తన బిడ్డ మతిమరుపు వల్ల నాకు కూడా మాట వచ్చిందని, మనసులో పెట్టుకోవద్దని అన్నాడు. సునీత గుమ్మం దగ్గర నిలబడి ఉంది.

నేను కూర్చోలేదు. కాగితం సంగతి నేనే మరిచానని, ఆమె మరవలేదని చెప్పాను. కౌంటర్లో ఆమె అడిగిన ప్రశ్న, నేను ఇచ్చిన జవాబు, గన్నవరంలో ఆయనతో ఫోన్‌లో ఆడిన అబద్ధం, శంషాబాద్ సీటు, అన్నీ జరిగిన వరసలో చెప్పాను. పాస్టరు కళ్లద్దాలు తీసి చేతిలో పట్టుకున్నాడు.

ఏసోబు కూతురి వైపు తిరిగాడు.

"గా దినం సారు చెప్పలేదన్నవ్."

"అన్న నాయినా."

"రెండుసార్లు అన్నవ్."

"మూడుసార్లు అన్న."

ఆయన తల వంచుకుని నిలబడ్డాడు. కుర్చీ ఇంకా ఖాళీగానే ఉంది. సునీత నా వైపు చూసింది, ఇంకేమైనా ఉందా అన్నట్టు. ఉంది.

"మేస్త్రీ," అన్నాను, "నీ బిడ్డ అడగాల్సింది అడిగింది. చెప్పాల్సినోణ్ణి నేను చెప్పలే. తప్పు నాది, అబద్ధం నాది. సునీతమ్మా, అందరి ముందట నిన్ను సోయి లేనిదాన్ని చేసిన. అందరి ముందటనే చెప్తున్న, నన్ను క్షమించు."